పరుగువీరుని ఇల్లు

హిజ్కియా అనగానే మన సంఘములలో ఎవరికైనా యూదా రాజే జ్ఞాపకము వస్తాడు. మంచము పట్టి, ముఖము గోడతట్టు త్రిప్పుకొని ప్రార్థించి, మరి పదిహేనేండ్ల ఆయుష్షు పొందినవాడు. అదే పేరుగల ఇంకొకరు తూర్పు ఆఫ్రికాలోని కెన్యా దేశములో 1940 జనవరి 17న పుట్టారు. పూర్తి పేరు హిజ్కియా కిప్‌చోగె కెయినో. లోకమంతా కిప్ కెయినో అని పిలుస్తుంది. కిప్‌చోగె అంటే వారి నాందీ భాషలో ధాన్యపు కొట్టు దగ్గర పుట్టినవాడని అర్థమట. దూరపు పరుగులలో ఒలింపిక్ స్వర్ణ పతకాలు రెండు, రజతాలు రెండు గెలిచి, తరువాత శిక్షకుడై, ఆ తరువాత తన దేశపు ఒలింపిక్ సంఘానికి పద్దెనిమిదేండ్లు అధ్యక్షుడుగా ఉన్నారు. వీటన్నిటికంటే మా మనసుకు దగ్గరైన సంగతి వేరు. ఆయనా, ఆయన భార్య ఫిలిస్ గారూ తమ ఇంటిని తలిదండ్రులు లేని పిల్లలకు ఇల్లుగా చేశారు.

మేము అంటే భార్యాభర్తలము ఇద్దరము. ఇరవై ఆరేండ్లు సంఘము వారి బాలుర బోర్డింగు ఒకదానిలో పని చేశాము. ఒకరము వార్డెను, ఒకరము మేట్రను. ఆ పనిలో ఉండగానే కెయినో గారి కథ మాకు చిక్కింది. ఎన్నో ఏండ్లు పిల్లలకు చెప్పుతూ వచ్చాము. కొన్నేండ్ల క్రితం మా సంఘములోని యువకుడొకడు ఆ కథను గూర్చి ఒక ప్రశ్న వేశాడు. అది న్యాయమైన ప్రశ్నే. దానికి మేము చెప్పిన జవాబు నలుగురి ముందు పెట్టాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము. అయితే ముందు పరుగు సంగతి చెప్పనిదే ఆ ప్రశ్న అర్థము కాదు.

కెయినోకు చిన్నతనములోనే తల్లీ తండ్రీ పోయారు. దగ్గరి బంధువైన ఒక తల్లి పెంచింది. నాందీ కొండలలో పిల్లలు మైళ్ళకొద్దీ నడిచో పరుగెత్తో బడికి పోయే రోజులవి. చదువు ముగిశాక పోలీసు శాఖలో చేరి, అక్కడే వ్యాయామ శిక్షకుడయ్యాడు. 1962లో ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరములో జరిగిన కామన్‌వెల్త్ క్రీడలలో మూడు మైళ్ళ పరుగులో పదకొండవవాడుగా వచ్చాడు. అప్పటికింకా కెన్యాకు స్వాతంత్ర్యము రాలేదు. 1963 డిసెంబరు 12న వచ్చింది. మరుసటి ఏడు టోక్యో ఒలింపిక్స్‌లో 5000 మీటర్లలో కెయినోది అయిదో స్థానము. పతకము లేదు. 1965 ఆగస్టులో మాత్రము స్వీడన్‌లోని హెల్సింగ్‌బోర్గ్‌లో 3000 మీటర్లు 7 నిమిషముల 39.6 సెకండ్లలో పరుగెత్తి, అంతకు ముందున్న ప్రపంచ రికార్డును ఆరు సెకండ్లకు పైగా తగ్గించాడు. నవంబరులో న్యూజిలాండ్‌లో 5000 మీటర్ల రికార్డు కూడా ఆయనదే అయింది. నారింజ రంగు టోపీ ఒకటి పెట్టుకొని పరుగెత్తేవాడు. ఆఖరి చుట్టులో వేగము పెంచేటప్పుడు ఆ టోపీ తీసి విసిరేసేవాడు. టోపీ ఎగిరిందంటే జనము లేచి నిలబడేవారట. మా బోర్డింగు పిల్లలకు కథ మొత్తము మీద ఎక్కువ ఇష్టమైన భాగము ఈ టోపీయే. ఈ కథ చెప్పిన మరునాడు మైదానములో ఎవరి టోపీ ఎక్కడ పడిందో వెదకి పెట్టడము మాకొక పని.

ఇక 1968 మెక్సికో. ఆ నగరము సముద్రమట్టానికి 2240 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ ఒక్కొక్క ఊపిరిలో దొరికే ప్రాణవాయువు మన కోస్తా ఊళ్ళలో దొరికేదానికంటే దాదాపు నాలుగో వంతు తక్కువ. పల్లపు దేశాల పరుగువీరులు అల్లాడిపోయారు. కొండల మీద పెరిగిన కెన్యా వారికి ఆ గాలి కొత్త కాదు. అయితే కెయినోకు వేరే కష్టము వచ్చింది. పిత్తాశయములో జబ్బు. కడుపులో విపరీతమైన నొప్పి. పరుగెత్తవద్దని వైద్యులు చెప్పారు. ఆయన మూడు పందెములలో పేరు ఇచ్చి ఉన్నాడు. ఎనిమిది రోజులలో ఆరుసార్లు పరుగెత్తాలి.

మొదటిది అక్టోబరు 13న, 10,000 మీటర్లు. ముందు వరుసలోనే ఉండి, ఇంకా కొద్ది చుట్లు ఉన్నదనగా నొప్పికి మెలికలు తిరిగి గీత దాటి లోపలి పచ్చికలో పడిపోయాడు. స్ట్రెచరు పట్టుకొని మనుషులు వచ్చారు. వాళ్ళను చూచి లేచి మళ్ళీ దారిలోకి వచ్చి పందెము పూర్తి చేశాడు. గీత దాటినందుకు లెక్కలోనికి రాలేదు. ఆ పందెములో గెలిచినవాడు ఆయన తోటి కెన్యావాడే, నఫ్తాలి తెము. స్వతంత్ర కెన్యాకు అది మొదటి ఒలింపిక్ స్వర్ణము. నాలుగు రోజుల తరువాత 5000 మీటర్లలో ట్యునీషియా దేశస్థుడు మహమ్మద్ గమ్మూదీకి, కెయినోకు మధ్య తేడా సెకనులో అయిదో వంతు. కెయినోకు రజతము.

అక్టోబరు 20న 1500 మీటర్ల ఆఖరి పందెము. స్టేడియముకు వెళ్ళే బస్సు ట్రాఫిక్‌లో చిక్కుకొంది. వేళ మించిపోతుంది. కెయినో బస్సు దిగి, దాదాపు మైలు దూరము వీధులవెంట పరుగెత్తి స్టేడియము చేరాడు. అక్కడ ఎదురుచూస్తున్న ప్రత్యర్థి అమెరికా యువకుడు జిమ్ రయన్. ప్రపంచ రికార్డు అతనిదే, 3 నిమిషముల 33.1 సెకండ్లు. ఆఖరి చుట్టులో అతని వేగానికి నిలిచినవారు ఆ రోజులలో లేరు. అంత ఎత్తున 3 నిమిషముల 39 సెకండ్లలో వస్తే చాలు, గెలుపు తప్పదని రయన్ లెక్క వేసుకొన్నాడు. కెన్యా వారి లెక్క వేరు. కెయినో తోటివాడు బెన్ జిప్‌చో మొదటి చుట్టు 56 సెకండ్లలో, పిచ్చివాడిలాగా పరుగెత్తి వేగము పెంచేశాడు. తరువాత కెయినో ముందుకు వచ్చి ఆ వేగము తగ్గనివ్వలేదు. రయన్ తన ఆఖరి పరుగు మొదలుపెట్టే సరికి మధ్య దూరము పూడ్చలేనంత అయిపోయింది. కెయినో 3 నిమిషముల 34.9 సెకండ్లలో ముగించాడు. రయన్ తాను లెక్క వేసుకొన్నదానికంటే మంచి సమయములోనే, 3 నిమిషముల 37.8 సెకండ్లలో వచ్చాడు. అయినా దాదాపు ఇరవై మీటర్లు వెనుక. ఆ ఒలింపిక్ రికార్డు 1984 వరకు నిలిచింది. (ఈ రయన్ గారు తన భార్యతో కూడ 1972లో క్రీస్తును అంగీకరించారు. తరువాత అమెరికా చట్టసభలో పదేండ్లు సభ్యుడుగా ఉన్నారు. ఆయన సాక్ష్యము వేరుగా వ్రాయదగినది.)

1972 మ్యూనిచ్ ఒలింపిక్స్‌ను గూర్చి క్లుప్తముగా చెప్పుకొందాము. అడ్డుకొయ్యలూ నీటిగుంటా దాటే 3000 మీటర్ల స్టీపుల్‌చేజ్ ఆయనకు అంతగా అలవాటు లేని పందెము. అందులోనే స్వర్ణము వచ్చింది. మెక్సికోలో తనకు దారి వేసిన జిప్‌చో ఈసారి సెకను వెనుక రెండవవాడు. 1500లో ఫిన్‌లాండ్ వాడు వసాల గెలిస్తే కెయినోది రజతము. 1973 నాటికి పోటీ పరుగులు దాదాపు ముగిశాయి.

మాకు కెయినో గారి ఇంటి సంగతి తెలిసింది మాత్రము పరుగు మూలంగా కాదు. విదేశాల నుండి బోర్డింగుకు పాత బట్టల మూటలు వచ్చేవి. మూటల మధ్య మెత్తకు పాత పత్రికలు పెట్టేవారు. అలా వచ్చిన ఒక అమెరికా వారపత్రిక 1987 డిసెంబరుది. పేరు స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్. ప్రతి ఏడూ మేటి ఆటగాడినొకరిని ఎన్నుకొనే ఆ పత్రిక, ఆ ఏడు తోటివారికొరకు పాటుపడిన ఎనిమిది మందిని ఎన్నుకొంది. వారిలో ఒకరు కిప్ కెయినో. మాలో ఒకరికి ఇంగ్లీషు బాగా వచ్చును. మరొకరు లాంతరు పట్టుకొంటే ఆ రాత్రి ఆ వ్యాసము మొత్తము చదువుకొన్నాము.

పోలీసు ఉద్యోగములో ఉండగా, 1960ల నాటి మాట, ఉత్తర కెన్యాలోని కరువు ప్రాంతములో దిక్కులేని పిల్లలు ఆకలికి మట్టి తింటూ ఆయన కంటబడ్డారు. వాళ్ళను ఇంటికి తెచ్చుకొన్నాడు. ఫిలిస్ గారు నర్సు. ఆమె వాళ్ళను కడిగి, మందు వేసి, అన్నము పెట్టింది. అక్కడితో మొదలు. తరువాత ఒకరి వెంట ఒకరు వస్తూనే ఉన్నారు. వారి కడుపున పుట్టినవారు ఏడుగురు. అక్కున చేర్చుకొన్నవారు ఏండ్ల మీద వందకు మించారు. పరుగుల మీద వచ్చిన డబ్బుతో ఎల్డొరెట్ పట్టణము దగ్గర భూమి కొన్నారు. దానికి స్వాహిలీ భాషలో ‘కాజీ మింగి’ అని పేరు పెట్టారు. చాలా పని అని అర్థము. అనాథ శరణాలయమునకు శాంతి నిలయమనో, ఆశా సదనమనో పేరు పెట్టడము మనకు అలవాటు. చాలా పని అని పేరు పెట్టినవారికి ఆ పని ఎట్టిదో బాగా తెలుసునని ఆ రాత్రే మేము నవ్వుకొన్నాము.

ఎందుకు నవ్వుకొన్నామో బోర్డింగులో పనిచేసినవారికి చెప్పనక్కరలేదు. ఇతరుల కొరకు కొంచెము చెప్పుతాము. అరవై మంది పిల్లలంటే అరవై కంచాలు, అరవై దుప్పట్లు. వర్షాకాలములో ఒకడికి గజ్జి వస్తే వారానికి ఇరవై మందికి. రాత్రి ప్రక్క తడిపే చిన్నవాడిని మిగిలినవాళ్ళు వెక్కిరించకుండా తెల్లవారక ముందే ఆ దుప్పటి ఉతికి ఆరవేయాలి. శనివారము తలంటు నూనె. ఆదివారము గుడికి ఉతికిన చొక్కా. ఇదంతా చేయవచ్చును. ఎంత కష్టమైనా చేయవచ్చును. చేయలేనిది ఒకటి ఉండేది. వేసవి సెలవులు ఇచ్చే రోజు ఉదయము గేటు దగ్గర తండ్రులు, మేనమామలు, అన్నలు వచ్చి నిలబడేవారు. ట్రంకు పెట్టెలు తలకెత్తుకొని పిల్లలు వెళ్ళిపోయేవారు. మధ్యాహ్నానికి ముగ్గురో నలుగురో మిగిలేవారు. పెట్టె సర్దుకోనివాళ్ళు. వాళ్ళ కొరకు ఎవరూ రారు. భోజనాల గంట కొట్టనక్కరలేదు, పిలిస్తే చాలు. ఆ నలుగురినీ మా వంటింట్లో మా పిల్లలతో కలిపి కూర్చోబెట్టి అన్నము పెట్టేవారము. సెలవులు ముగిసి బడి తెరిచిన రోజున వాళ్ళు మళ్ళీ వరుసలో కంచము పట్టుకొని నిలబడాలి. ఇంటివాళ్ళై రెండు నెలలు ఉండి, మళ్ళీ బోర్డింగువాళ్ళు కావాలి. అది వాళ్ళకూ మాకూ కష్టముగానే ఉండేది.

కెయినో గారి ఇంట సెలవులు లేవు. మాకు నచ్చినది అదే. అక్కడికి వచ్చిన పిల్లవాడు ఏడు పొడుగునా ఆ ఇంటివాడే. పెద్దవాడై ఉద్యోగములో చేరినా, పెండ్లి చేసుకొన్నా వచ్చిపోయే ఇల్లు అదే. వందమందికి అది ఎలా సాధ్యమైందో మాకు పూర్తిగా అంతుబట్టదు. డబ్బు ఒక్కటే అయితే కాదు. ఫిలిస్ గారి కష్టము మీద నడిచిన ఇల్లు అదని మా నమ్మకము. పతకాల కథలు వ్రాసేవారు ఆమెకు ఒక వాక్యము ఇచ్చి ముందుకు పోతారు. మేము చదివిన అన్నిటిలోనూ అంతే. అరవై దుప్పట్లు ఉతికించిన మనిషి మాలో ఒకరు గనుక ఆ సంగతి మాకు గుచ్చుకొంటుంది. 1999లో ఎల్డొరెట్‌లో వారి పేర ప్రాథమిక పాఠశాల, 2009లో ఉన్నత పాఠశాల ఏర్పడ్డాయి.

ఇంటి పని ఇలా సాగుతుండగానే కెయినో గారు కెన్యా జట్టుకు శిక్షకులయ్యారు. అది చేదు కాలము. న్యూజిలాండ్ రగ్బీ జట్టు వర్ణవివక్ష నడుస్తున్న దక్షిణాఫ్రికాకు వెళ్ళినందుకు నిరసనగా 1976 మాంట్రియల్ ఒలింపిక్స్ నుండి ఆఫ్రికా దేశాలు చాలా వరకు వైదొలగాయి. కెన్యా కూడా. 1980 మాస్కోకు మళ్ళీ వెళ్ళలేదు. ఆ మధ్య కాలములోనే, 1978లో, కెన్యావాడే అయిన హెన్రీ రోనో 81 దినములలో నాలుగు ప్రపంచ రికార్డులు సృష్టించాడు. అతడు ఒక్క ఒలింపిక్స్‌లో కూడా పరుగెత్తలేదు. అవకాశము చిక్కలేదు. పాతికేండ్ల వయసులో ఉన్న పరుగువాడికి నాలుగేండ్లు ఆగు, మరి నాలుగేండ్లు ఆగు అని చెప్పవలసి వచ్చిన తరము శిక్షకుల తరము అది. అయినా స్టీపుల్‌చేజ్‌లో 1968 మొదలు 2016 వరకు కెన్యా పాల్గొన్న ఏ ఒలింపిక్స్‌లోనూ పురుషుల స్వర్ణము చేయి జారలేదు. 2021లో జరిగిన టోక్యో పందెములోనే మొరాకో వాడు దానిని తీసుకొన్నాడు. కెయినో గారి కుమారుడు మార్టిన్ కూడా పరుగువీరుడే. పెద్ద పందెములలో ఇతరులు రికార్డులు సాధించటానికి ముందు పరుగెత్తి వేగము అందించేవాడుగా పేరు పొందాడు.

1999లో కెయినో గారు కెన్యా జాతీయ ఒలింపిక్ సంఘానికి అధ్యక్షులయ్యారు. 2000 నుండి 2010 వరకు అంతర్జాతీయ ఒలింపిక్ సంఘములో సభ్యులు. ఇక్కడినుండి కథ మేము పిల్లలకు చెప్పుతూ వచ్చినంత నున్నగా లేదు.

2016 ఆగస్టు 5న రియో ఒలింపిక్స్ ప్రారంభ సభలో, అంతకు ముందు ఎవరికీ ఇవ్వని ఒలింపిక్ లారెల్ అనే గౌరవాన్ని మొట్టమొదటగా ఆయనకు ఇచ్చారు. పిల్లలతో కూడ మెల్లగా పరుగెత్తుతూ వేదిక మీదకు వచ్చారు. అప్పటికి ఆయన వయసు 76. పిల్లలకు అన్నము, నీడ, చదువు ఉండాలని ఆ సభలో విజ్ఞప్తి చేశారు. మా ఇంట టీవీ ముందు కూర్చొని కండ్లు తుడుచుకొన్నాము. సరిగ్గా ఆ ఒలింపిక్స్‌లోనే కెన్యా జట్టు ఆరు స్వర్ణాలతో కలిపి పదమూడు పతకాలు గెలిచింది. ఆ జట్టు పట్లనే తలవంపులు తెచ్చే పనులు జరిగాయి. ఈటె విసిరే జూలియస్ యెగోకు విమానాశ్రయము చేరాక టికెట్టే లేదని తేలింది. అతడు ఆ తరువాత రజతము గెలిచాడు. క్రీడాకారులకు చేరవలసిన బట్టలు, బూట్లు సరిగా చేరలేదు. ఆటలు ముగిశాక కొందరు ఇంటికి తిరిగి రావడానికి దారి లేక చిక్కుపడ్డారు. ప్రభుత్వము విచారణ వేసింది. 2017లో ఎన్నిక జరిగి, ఒకప్పటి దూరపు పరుగువీరుడే అయిన పాల్ తెర్గాట్ అధ్యక్షుడయ్యాడు. 2018 అక్టోబరులో ఆ రియో డబ్బు విషయములో నేరారోపణ చేయవలసినవారి జాబితాలో కెయినో గారి పేరు వచ్చింది. కొద్ది రోజులకే ప్రాసిక్యూషన్ వారు ఆయన మీద కేసు విరమించుకొన్నారు. 2021లో విచారణ కోర్టు మరి ఇద్దరిని, ఒక మాజీ మంత్రినీ జట్టు నాయకుడినీ, దోషులుగా తేల్చింది.

ఆ యువకుడు అడిగిన ప్రశ్న ఇది. “అమ్మగారూ, అయ్యగారూ, మీరు మా చిన్నప్పటినుండి చెప్పిన మనిషి మీదనే డబ్బు కేసు వచ్చిందట గదా. ఇక ఆ కథ చెప్పుతారా, మానేస్తారా?” చెడ్డ మనసుతో అడగలేదు. ఫోనులో వార్త చూచి, నొచ్చుకొని అడిగాడు.

ప్రక్కనున్న పెద్దవారొకరు వెంటనే, కేసు కొట్టివేశారు గదా, ఇంకేమున్నదని సర్దిచెప్పబోయారు. అది నిజమే. ఆయన మీద మోపిన నేరము నిలువలేదు. ఆ మాట గట్టిగా చెప్పి తీరాలి. నేరము మోపగానే మనిషిని సమాధి చేసే అలవాటు మన సంఘములలోనూ ఉన్నది. అయితే కుర్రవాడి ప్రశ్నకు అది సగము జవాబు మాత్రమే. తన చేతులు శుభ్రముగా ఉన్న అధ్యక్షుడి కాలములోనే టికెట్టు లేని పరుగువాడు విమానాశ్రయములో నిలబడితే, ఆ కుర్చీలో కూర్చున్నవారు కనీసము ఆ టికెట్టు సంగతికైనా జవాబుదారులు గారా? మా అభిప్రాయము, అవుతారు. దీనికి దొంగతనము చేసి ఉండనక్కరలేదు.

బోర్డింగులో మేము చూచిన సంగతిని బట్టి ఈ మాట అంటున్నాము. అన్నము కుండ దగ్గర లెక్క తప్పదు. ఒక గరిట తక్కువ పడితే వరుసలో చివరివాడి ముఖము చెప్పుతుంది. ఆ పూటకే తెలుస్తుంది. కమిటీ గదిలో అలా కాదు. అక్కడ కాగితము వస్తుంది, సంతకము అవుతుంది, ఇంకొక కాగితము వస్తుంది. చివరివాడి ముఖము ఆ గదిలోనికి రాదు. కెయినో గారు ఇంట ఉన్నంతసేపు పిల్లల ముఖాలు చూస్తూ నడిపారు. ఒలింపిక్ సంఘము మాత్రము నైరోబీలోని కార్యాలయము, బ్యాంకు ఖాతాలు, మధ్యలో ఎందరో మనుషులు. దానికి తోడు పద్దెనిమిదేండ్లు. మన డయాసిస్‌లలో, మన పాస్టరేట్ కమిటీలలో ఇటువంటి వారిని మనము ఎరుగుదుము. మంచివారు, భక్తిపరులు, సంఘమునకు తమ పొలము వ్రాసి ఇచ్చినవారు. వారిని కోశాధికారిగా కూర్చోబెట్టి, మర్యాద కొద్దీ ఎవరమూ లెక్క అడగము. ఆయననే అడుగుతారా అంటారు. అడగకపోవడము ఆయనకు మనము చేసే అపకారము. చుట్టూ ఉన్నవారు ఏమి చేస్తున్నారో ఆయనకూ తెలియకుండా పోతుంది.

మా బోర్డింగులో బియ్యపు కొట్టుకు రెండు తాళాలు ఉండేవి. ఒకటి మా దగ్గర. రెండవది బడిలోని లెక్కల మాస్టారి దగ్గర. ఇద్దరము లేనిదే తలుపు తెరుచుకోదు. మేము రాకముందు ఉన్న వార్డెనుగారు పెట్టిన పద్ధతి అది. వానలో ఆ మాస్టారి కొరకు గొడుగు పట్టుకొని ఎదురు చూచిన ఉదయాలు ఎన్నో. విసుగు పుట్టేది. ఆ విసుగుకే మేము ఇరవై ఆరేండ్లు మనశ్శాంతిగా నిద్రపోయాము.

యువకుడికి మేము దినవృత్తాంతముల రెండవ గ్రంథము ముప్పది ఒకటవ అధ్యాయము తీసి చూపించాము. రాజైన హిజ్కియాను గూర్చి మనము సాధారణముగా చదివే భాగము కాదు అది. జనులు తెచ్చిన పదియవ భాగములు కుప్పలుగా పడితే, హిజ్కియా మందిరములో కొట్లు సిద్ధము చేయించాడు. తానే తాళపు చెవి పెట్టుకోలేదు. లేవీయుడైన కొనన్యాను, అతని సహోదరుడైన షిమీని, వారి క్రింద మరి పది మందిని నియమించాడు. రాజు మంచివాడే, అయినా అంతమంది కావలసి వచ్చింది. అదే రాజు మరొక రోజున, జబ్బు నయమైన తరువాత, బబులోను నుండి వచ్చిన దూతలకు తన కొట్లన్నీ ఒక్కడే తిప్పి చూపించి యెషయా చేత చివాట్లు తిన్నాడు. ఈ రెండు అధ్యాయములూ ఒకే మనిషివి. లేఖనము రెండవదానిని దాచిపెట్టలేదు. దానిని బట్టి మొదటిదానిని కొట్టివేయనూ లేదు. అంతకంటే ఆ కుర్రవాడికి మేము చెప్పినది లేదు. అతడు కొంతసేపు ఆ పుట చూచి, “అయితే రియో కూడా కలిపి చెప్పండి” అన్నాడు.

అప్పటినుండి అలాగే చెప్పుతున్నాము. మట్టి తిన్న పిల్లలనుండి మొదలుపెట్టి, మెక్సికో, మ్యూనిచ్, కాజీ మింగి పొలము, రియో టికెట్టు వరకు. పెద్దవాళ్ళు రియో దగ్గర తలలు వంచుకొంటారు. చిన్నపిల్లలు వంచుకోరు. వాళ్ళకు ఆ భాగము పట్టదు. మొన్న వేసవిలో వి.బి.ఎస్. పిల్లలకు చెప్పినప్పుడు ఏడెనిమిదేండ్ల పాప ఒకతె చెయ్యెత్తి, మొదటి చుట్టు పరుగెత్తి దారి వేసిన ఆ జిప్‌చో చివరికి ఏమయ్యాడని అడిగింది.

మెక్సికోలో అతడు పదవవాడుగా వచ్చాడమ్మా అన్నాము. నాలుగేండ్లకు మ్యూనిచ్‌లో కెయినో వెనుకే రజతము. 1973లో స్టీపుల్‌చేజ్ ప్రపంచ రికార్డు అతనిదే అయింది. 1974లో క్రైస్ట్‌చర్చ్ కామన్‌వెల్త్ క్రీడలలో రెండు స్వర్ణాలు గెలిచాడు. ఆ రెండు సార్లూ అతని ముందు ఎవరూ లేరు.